ఫైటర్ జెట్‌కి ఇంజిన్ మనదా, బయటిదా: ఫైలు ముందు పెట్టుకుని తేల్చుకోవడం ఎలా

బోరు మోటారు కొనడానికి వెళ్తే మా నాన్న షాపువాణ్ని ముందు ధర అడగడు. "కాలిపోతే వైండింగ్ ఎవరు చేస్తారు, ఎన్నాళ్లు పడుతుంది?" అంటాడు. ఒక్కసారి ఆయన ఊళ్లో లేనప్పుడు నేనే వెళ్లి, పేరు గొప్పగా ఉందని ఒక మోటారు తెచ్చాను. వరి పొట్ట దశలో ఉండగా అది కాలింది. దాని బుష్ సైజు మా జిల్లాలో ఎవరి దగ్గరా లేదు. పదకొండు రోజులు పక్క పొలం వాళ్ల నీళ్ల కోసం బతిమాలుకున్నాం.

మన దేశం చేసుకున్న ఫైటర్ తేజస్ అమెరికా ఇంజిన్‌తో ఎగురుతుందని నెట్‌లో గొడవ మొదలైన ప్రతిసారీ నాకు ఆ పదకొండు రోజులే గుర్తొస్తాయి. ఒక వర్గం "సొంత ఇంజిన్ చేసుకోలేని దేశానికి ఫైటర్ ఎందుకు" అంటుంది, ఇంకో వర్గం "మనవల్ల కాదు, కొనేసి పని చూసుకోండి" అంటుంది. ఇద్దరూ ఇంజిన్‌ని జెండాలాగా చూస్తున్నారు. నిజంగా ఆ ఫైలు మీ టేబుల్ మీదకి వస్తే, వంద రెండొందల విమానాలకి ఇంజిన్ ఎక్కడిది పెట్టాలో మీరే సంతకం పెట్టాల్సి వస్తే, ఏ వరసలో చూడాలో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మన వాయుసేనవే, ఎందుకంటే ఈ విషయంలో చేయదగ్గ తప్పులు చాలావరకు మనం చేసేశాం, ఒకటి రెండు ఒప్పులు కూడా చేశాం.

ముందు తేదీలు, థ్రస్ట్ తర్వాత

ఫైలు తెరవగానే థ్రస్ట్, అంటే ఇంజిన్ విమానాన్ని నెట్టే బలం, దాన్ని కొలిచే కిలోన్యూటన్ల పట్టిక మీద పడకండి. ఒక కాగితం మీద రెండు తేదీలు రాసుకోండి. ఈ విమానం స్క్వాడ్రన్‌కి, అంటే వాయుసేన దళానికి, ఎప్పుడు చేరాలి అన్నది ఒకటి. ఈ ఇంజిన్ పైలట్‌ని నమ్మి కూర్చోబెట్టగలిగే స్థితికి ఎప్పుడొస్తుంది అన్నది రెండోది, అదీ ఇంజిన్ చేసేవాళ్లు చెప్పే తేదీ కాదు, ఇప్పటిదాకా అది గాల్లో తిరిగిన గంటలు చూసి మీరు వేసుకునే తేదీ. రెండోది మొదటిదాని తర్వాత పడితే వాదన అక్కడితో అయిపోయింది, మొదటి బ్యాచ్‌కి ఇప్పటికే ఎగురుతున్న ఇంజినే పెట్టాలి, అది ఎవరిదైనా సరే.

తేజస్ కోసం మనం చేయబోయిన సొంత ఇంజిన్ కావేరీ కథ మొత్తం ఈ రెండు తేదీల కథే. 1989లో బెంగళూరులో ఇంజిన్ల మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ జీటీఆర్‌ఈకి 382.81 కోట్లు మంజూరు చేసి 1996 ఆఖరుకల్లా ఇంజిన్ కావాలన్నారు. అప్పటిదాకా ఒక్క ఫైటర్ ఇంజిన్నీ సర్వీసులోకి తేని సంస్థకి ఏడెనిమిదేళ్ల గడువు! అమెరికా, బ్రిటన్, రష్యా, ఫ్రాన్స్ లాంటి దేశాలకి వెనక నలభై యాభై ఏళ్ల అనుభవం ఉన్నా ఒక కొత్త ఇంజిన్ గీత నుంచి స్క్వాడ్రన్ దాకా రావడానికి పదిహేనేళ్లు అటూ ఇటూ పడుతుంది. పైగా కావేరీ తయారవుతున్నంతసేపూ విమానం బరువు పెరుగుతూ పోయింది, దాంతో కావాల్సిన థ్రస్టూ పెరిగింది. కావేరీ ఇచ్చింది 70-75 కిలోన్యూటన్లు, వాయుసేన అడిగేది 90-95కి చేరింది. 1,100 కిలోల దగ్గర ఉండాల్సిన ఇంజిన్ 1,235 కిలోలు తూగింది. 2008లో దాన్ని తేజస్ నుంచి విడదీశారు, ఖర్చు 2,000 కోట్లు దాటింది.

దీన్ని అందరూ వైఫల్యం అంటారు గానీ ఇందులో ఒక తెలివైన పని ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. కావేరీ వచ్చేదాకా ఆగకుండా తేజస్ మొదటి నమూనాని అమెరికా జీఈ వాళ్ల ఎఫ్404 పెట్టి ఎగరేశారు, 2001 జనవరి 4న. అలా చేయకపోయి ఉంటే ఇంజినూ వచ్చేది కాదు, విమానమూ ఉండేది కాదు. రెండూ కొత్తవైతే గాల్లో ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు దేనిదో తేల్చడానికే ఏళ్లు పడుతుంది.

ఫ్రాన్స్ వాళ్లు కూడా ఇదే చేశారంటే చాలామంది నమ్మరు. 1986 జూలై 4న మొదటిసారి ఎగిరిన రఫాల్ నమూనాలో ఉన్నవి రెండు అమెరికన్ ఎఫ్404 ఇంజిన్లే. సొంత ఎం88 తయారయ్యాక, 1990లో, ఒక పక్క ఎఫ్404 ఉంచి రెండో పక్క ఎం88 పెట్టి ఎగరేశారు. విమానం తన దారిన తాను పెరిగింది, ఇంజిన్ తన దారిన తాను పెరిగింది, రెండూ సిద్ధమయ్యాక ముడేశారు. యూరోఫైటర్ తొలి నమూనాలూ అంతే, పాత టొర్నాడో విమానాల ఆర్‌బీ199 ఇంజిన్లతో మొదలయ్యాయి. కాబట్టి ఫైలులో "ఈ విమానానికి ఈ స్వదేశీ ఇంజినే, వేరేది పట్టదు" అన్న వాక్యం కనిపిస్తే దాని పక్కన ఎర్ర సిరాతో గీత గీయండి.

సరే, అలాగని ఎవరిదో ఒకరి ఇంజిన్ దొరుకుతుందిలే అని విమానం గీసుకుంటూ పోతే ఏమవుతుంది? దానికీ మన దగ్గరే ఉదాహరణ ఉంది. హెచ్ఎఫ్-24 మారుత్. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ వచ్చి ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్‌లో గీసిన విమానం, 1961 జూన్ 17న ఎగిరింది, ధ్వనివేగాన్ని దాటగలిగే ఆకారం. అయితే దానికి తగ్గ, ఆఫ్టర్‌బర్నర్ (వెనకపక్క అదనంగా ఇంధనం మండించి థ్రస్ట్ పెంచే భాగం) ఉన్న ఆర్ఫియస్ ఇంజిన్‌ని పూర్తి చేయడానికి బ్రిటిష్ కంపెనీ డబ్బు పెట్టమంది, మనం పెట్టలేదు. చివరికి మామూలు ఆర్ఫియస్ 703లు రెండు పెట్టి సరిపెట్టారు. తర్వాత ఈజిప్టు వాళ్ల ఇంజిన్ కోసం ఒక మారుత్‌ని అక్కడికే పంపి ప్రయత్నించారు, అదీ కుదరలేదు. 147 విమానాలు తయారయ్యాయి, 1971 యుద్ధంలో బాగానే పనిచేశాయి, కానీ ఏ వేగం కోసం దాన్ని గీశారో ఆ వేగం ఎప్పుడూ అందుకోలేదు. ఆ రోజు మిగుల్చుకున్న డబ్బు ఎంతోగానీ, అంత చెడ్డ బేరం ఇంకోటి ఉండదని నా కోపం.

లెక్క విమానాలతో కాదు, గంటలతో వేయాలి

వార్తల్లో "83 తేజస్‌లు" అని వస్తుంది. మీరు చూడాల్సింది 99. ఎందుకంటే 2021లో ఆ 83 తేజస్ మార్క్-1ఏ రకం విమానాల కోసం కొన్న ఎఫ్404-ఐఎన్20 ఇంజిన్లు 99, ధర 5,375 కోట్లు. ఒక్కోటి 54 కోట్లకి కాస్త పైన, 16 స్పేరు. తర్వాత ఇంకో 97 విమానాలకి ఆర్డర్ వచ్చింది, వాటికి 2025 నవంబర్‌లో కుదిరిన ఇంజిన్లు 113. మళ్లీ 16 స్పేరే. విమానాలు పెరిగినా స్పేరు పెరగలేదు. ఒంటి ఇంజిన్ విమానం కాబట్టి ఇంజిన్ షాపులో ఉంటే ఆ విమానం షెడ్డులో ఉన్నట్టే.

కానీ అసలు ఖర్చు ఇక్కడితో అయిపోదు. ఉదాహరణకి ఒక జంట ఇంజిన్ల విమానం 6,000 గంటలు ఎగరగలదు, దాని ఇంజిన్ 2,000 గంటలకి పూర్తిగా అయిపోతుంది అనుకుందాం. అంటే ఒక విమానం తన జీవితంలో మూడు జతలు, ఆరు ఇంజిన్లు తింటుంది. అలాంటివి వంద ఉంటే 600, స్పేర్లు కాక. మనకి సుఖోయ్-30 ఎంకేఐలు రెండు వందల యాభైకి పైగా ఉన్నాయి. అందుకే 2024లో ఒక్క దెబ్బకి 240 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజిన్లకి 26,000 కోట్లతో ఒప్పందం చేయాల్సి వచ్చింది, ఒక్కోటి 108 కోట్ల పైనే. ఇవి కొత్త విమానాలకి కాదు, ఉన్నవాటిని ఎగిరేలా ఉంచడానికి. పై 54 కోట్లతో దీన్ని పక్కపక్కన పెట్టి "రష్యాది రెండింతలు" అనకండి, అది చాలా పెద్ద ఇంజిన్, పైగా అది ఇక్కడ తయారయ్యేది, రెండు ఒప్పందాల్లో కలిపినవీ వేరు.

అందుకని ఇంజిన్ల ధర పోల్చేటప్పుడు ఒక్కటే ప్రశ్న: ఒక ఎగిరే గంటకి ఎంత పడుతుంది? కొనే ధరా, మధ్యలో ఓవర్‌హాల్స్ (మొత్తం విప్పి బాగుచేయడం) ధరా కలిపి, మొత్తం ఆయుష్షు గంటలతో భాగించండి. ధర మూడో వంతు తక్కువై ఆయుష్షు సగమైతే అది చవక కాదు. 80ల చివర్లో మిగ్-29లతో పాటు వచ్చిన ఆర్‌డీ-33 ఇంజిన్లు చెప్పిన గంటలకంటే చాలా ముందే పాడవడంతో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ దాకా వెళ్లింది వ్యవహారం. స్వదేశీ ఇంజిన్‌కీ ఇదే కొలత, ఇక్కడ జాలి చూపించకూడదు. మొదటి రకాల ఆయుష్షు ఎవరికైనా తక్కువే ఉంటుంది, కాబట్టి మొదటి అయిదేళ్లకి స్పేర్లు ఎక్కువ అనుకునే బడ్జెట్ వేసుకోవాలి.

రూపాయి సంగతి కూడా మర్చిపోకండి. 2021 ఆగస్టులో డాలరు 74 రూపాయల చిల్లర, 2025 చివరికి 88 దాటింది. కంపెనీ ఒక్క సెంటు పెంచకపోయినా అదే ఇంజిన్ మనకి దాదాపు అయిదో వంతు ప్రియమైంది. ముప్పై ఏళ్లు కొనాల్సిన వస్తువుకి ఇది చిన్న విషయం కాదు.

వైండింగ్ ఎవరు చేస్తారు

ఇక మా నాన్న ప్రశ్న. "80 శాతం టెక్నాలజీ ఇస్తారట" అన్న మాట వినగానే చాలామంది చప్పట్లు కొడతారు. శాతం దేనిలో? బరువులోనా, ధరలోనా, విడిభాగాల సంఖ్యలోనా? ఇంజిన్‌లో చల్లగా ఉండే భాగాలు చాలా ఉంటాయి, గేర్‌బాక్స్, కేసింగులు, పైపులు, ముందువైపు ఫ్యాన్. ఇవన్నీ ఇక్కడ చేసినా శాతం బాగానే కనిపిస్తుంది. ముడి అంతా వేడి భాగంలో, అంటే హాట్ సెక్షన్‌లో ఉంది. దహనగది, దాని వెనకే ఉండే హై ప్రెషర్ టర్బైన్.

ఆ టర్బైన్ బ్లేడు ఒక్కటి చేతిలో పెట్టుకుని చూస్తే విషయం అర్థమవుతుంది. అరచేతిలో పట్టే ముక్క. దాని మీదుగా పోయే గాలి వేడి, ఆ లోహం కరిగే వేడి కంటే ఎక్కువ. అది కరగకుండా ఉండడానికి లోపల సన్నటి సొరంగాలు ఉంటాయి, వాటిలోంచి కంప్రెసర్ నుంచి దొంగిలించిన చల్లగాలి, అంటే మన భాషలో అదీ కాలిపోయేంత వేడే, బయటికొచ్చి బ్లేడు చుట్టూ పలచటి దుప్పటిలా కప్పుతుంది. దీన్ని పోత పోసే పద్ధతి వింటే మాత్రం మన స్తపతులు నవ్వుతారు, పంచలోహ విగ్రహాలకి వాడే మైనపు అచ్చు పద్ధతే. మైనంతో బ్లేడు బొమ్మ చేసి, లోపల సొరంగాల ఆకారంలో సిరామిక్ పుల్ల పెట్టి, పైన సిరామిక్ పూత పూసి, మైనం కరిగించి తీసేసి, శూన్యంలో కరిగిన నికెల్ మిశ్రమం పోస్తారు. ఇక్కడిదాకా పర్లేదు. తర్వాత ఆ అచ్చుని కొలిమిలోంచి కిందికి నిమిషానికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున దింపుతారు, అడుగున పందిపిల్ల తోకలా మెలిక తిరిగిన సన్నటి దారి ఉంటుంది, ఆ మెలికలో ఒక్క స్ఫటికం మాత్రమే గెలిచి పైకి పెరుగుతుంది. బ్లేడు మొత్తం ఒకే స్ఫటికం. మధ్యలో ఎక్కడ ఇంకో స్ఫటికం మొలిచినా అది చెత్తబుట్టకే. ఎంత వేగంగా దింపాలి, ఎక్కడ ఎంత వేడి ఉండాలి అన్నది ఏ బ్లూప్రింట్‌లోనూ పూర్తిగా రాయరు, వేల బ్లేడ్లు పారేసుకున్న వాళ్ల చేతుల్లో ఉంటుంది.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో ఉన్న రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ వాళ్లు ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నారు. 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ (ఒకే స్ఫటికం) బ్లేడ్లు చేసి హెచ్ఏఎల్‌కి అప్పగించారు. అంటే మనకి అసలు రాదు అన్నది అబద్ధం. ఫైటర్ ఇంజిన్‌కి కావాల్సిన బ్లేడ్లు, ఆ వేడికి తట్టుకునేవి, వందల్లో వేలల్లో, పది చేస్తే తొమ్మిది పనికొచ్చేలా చేయడం మాత్రం వేరే సంగతి. ప్రభుత్వ లోహాల కంపెనీ మిశ్రధాతు నిగమ్ కూడా అదే కంచన్‌బాగ్‌లో ఉంది, 1973 నుంచి ఈ జాతి లోహాలే దాని పని.

ఇప్పుడు తేజస్ మార్క్-2 కోసం అనుకుంటున్న ఎఫ్414 విషయానికి రండి. 2023 జూన్‌లో జీఈకీ హెచ్ఏఎల్‌కీ ఎంవోయూ (ప్రాథమిక ఒప్పందం) కుదిరింది, దాదాపు 80 శాతం అన్నారు, రెండేళ్లు దాటాక కూడా బేరాలు సాగుతూ వచ్చాయి. బయటికొచ్చిన జాబితాలో సింగిల్ క్రిస్టల్ భాగాలకి "మెషినింగ్, కోటింగ్" అని ఉంది. బాగా చదవండి. పోత పోసిన ముక్క వాళ్లే ఇస్తారు, దాన్ని చెక్కి పూత పూయడం మనం నేర్చుకుంటాం. అది తీసిపారేసేది కాదు, కోటింగ్ ఒక్కటే ఇంజిన్ ఆయుష్షుని ఎంతో పెంచుతుంది. కాకపోతే రేపు వాళ్లు ముక్క పంపకపోతే మనం చెక్కడానికి ఏమీ ఉండదు. కాబట్టి ఫైలులో శాతం కొట్టేసి ఈ మూడు ప్రశ్నలు రాయండి: పోత ఎవరిది, డిజైన్ మార్చే హక్కు ఎవరిది, ఓవర్‌హాల్ ఇక్కడ మొత్తం విప్పి చేస్తామా లేక మాడ్యూల్ (ఇంజిన్‌లో విడిగా ఊడే పెద్ద భాగం) విప్పి వాళ్లకి పంపిస్తామా.

లైసెన్సు తయారీని నేను తక్కువ చేయట్లేదు. విజయనగరం నుంచి రైలెక్కితే కొండలెక్కి కోరాపుట్ చేరతాం, అక్కడ సునాబెడలో హెచ్ఏఎల్ ఇంజిన్ ఫ్యాక్టరీ అరవైల నుంచి ఉంది, మిగ్-21 ఇంజిన్లతో మొదలై సుఖోయ్ ఇంజిన్ల దాకా వచ్చింది. ఆ 240 ఇంజిన్లూ అక్కడివే, స్వదేశీ భాగం 54 శాతం దాటుతుందని చెప్పారు. రష్యా యుద్ధంలో మునిగిపోయి ఉన్నా మన సుఖోయ్‌లు ఎగురుతున్నాయంటే ఆ కొండల మీది షాపు పుణ్యం చాలా ఉంది. అయితే అరవై ఏళ్లు ఇంకొకరి బొమ్మ చూసి చేసినా, ఆ బొమ్మ గీయడం దానంతట అది రాదు అన్నదీ అక్కడే కనిపిస్తుంది.

ఆపగలిగేది ఎవరు

బయటి ఇంజిన్ అంటే అందరికీ ఆంక్షలే గుర్తొస్తాయి. నిజమే. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలతో తేజస్ పని దెబ్బతింది, అక్కడ ఫ్లైట్ కంట్రోల్ మీద పనిచేస్తున్న మనవాళ్లు సామాన్లు సర్దుకుని వచ్చేయాల్సి వచ్చింది. 70ల్లో ఇజ్రాయెల్ తన కిఫిర్ ఫైటర్లని ఈక్వడార్‌కి అమ్ముకోబోతే అందులో ఉన్న జే79 ఇంజిన్ అమెరికాది కాబట్టి వాళ్లు వద్దన్నారు, అప్పటికి బేరం పోయింది. మొన్నమొన్న టర్కీ కూడా టీ129 హెలికాప్టర్లు పాకిస్తాన్‌కి అమ్మలేకపోయింది, కారణం అదే, ఇంజిన్ లైసెన్సు. అంటే బయటి ఇంజిన్ పెడితే మీ విమానం ఎవరికి అమ్మాలో కూడా ఇంకొకరిని అడగాలి. తేజస్‌ని ఎగుమతి చేస్తాం అని ఉపన్యాసం ఇచ్చే ముందు ఈ పేజీ చదవాలి.

కానీ నన్నడిగితే ఆంక్షల కంటే ఎక్కువ భయపెట్టాల్సింది ఇంకోటి ఉంది, అందులో శత్రుత్వం ఏమీ ఉండదు. ఎఫ్404-ఐఎన్20 కథే చూడండి. జీఈ 2016కల్లా మొదటి 65 ఇంజిన్లు ఇచ్చేసింది, మన నుంచి ఇంకో ఆర్డర్ లేదు, లైన్ మూసేసింది. మనం 2021లో తీరిగ్గా 99 కావాలన్నాం. అయిదేళ్లు పడుకున్న లైన్‌ని లేపాలి, విడిభాగాలు చేసే చిన్న కంపెనీలని మళ్లీ వెతికి పట్టుకోవాలి, ఈలోగా కోవిడ్ తర్వాత ప్రపంచమంతా విడిభాగాల కరువు. మొదటి ఇంజిన్ చేతికొచ్చింది 2025 మార్చిలో. మార్క్-1ఏ ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి, మొత్తం ఇంజిన్ మీదకే నెట్టేయకూడదు, కానీ తయారైన విమానాలు ఇంజిన్ లేక నిలబడ్డది నిజం. ఈలోగా 2025 సెప్టెంబర్ 26న ఆఖరి మిగ్-21లు వెళ్లిపోయాయి, 42 ఉండాల్సిన స్క్వాడ్రన్లు 29కి దిగాయి. ఆంక్ష పెట్టింది ఎవరు? ఎవరూ లేరు. మనం ఆర్డర్ ఇవ్వలేదు, అంతే.

కాబట్టి దిగుమతి నిర్ణయిస్తే ముక్కలు ముక్కలుగా కొనొద్దు. లైన్ నడుస్తున్నప్పుడే తర్వాతి బ్యాచ్ కూడా కట్టేసుకోవాలి. ఈసారి 113కి సరఫరా 2027 నుంచి 2032 దాకా అని రాసుకున్నారు, లైన్ మళ్లీ నిద్రపోకుండా. నేర్చుకున్నారనే అనుకుంటున్నా.

వీలుంటే ఇద్దరి దగ్గర కొనడం ఇంకా మంచిది. 80ల్లో అమెరికా వాయుసేన ఎఫ్-16 ఇంజిన్ విషయంలో ప్రాట్ అండ్ విట్నీ ఎఫ్100 మీద విసిగిపోయి జీఈ ఎఫ్110ని పోటీకి తెచ్చింది, 1984 నుంచి ఇద్దరికీ పంచి ఇచ్చింది, ఇద్దరి ఇంజిన్లూ బాగుపడ్డాయి. కానీ అది వేలల్లో కొనేవాళ్ల భోగం. వందా నూట యాభై విమానాలకి రెండు రకాల ఇంజిన్లు, రెండు రకాల పనిముట్లు, రెండు రకాల శిక్షణ పెట్టుకుంటే మిగిలేది తలనొప్పి.

మనది ముందు ఎక్కడ పెట్టాలి

ఇక స్వదేశీ ఇంజిన్ తయారైంది అనుకుందాం. దాన్ని మొదట ఎందులో బిగించాలి? జవాబు చైనా దగ్గర నేర్చుకోవాలి, నచ్చినా నచ్చకపోయినా. వాళ్ల సొంత ఇంజిన్ డబ్ల్యూఎస్-10ని ముందు జంట ఇంజిన్ల జే-11బీలో పెట్టారు. మొదట్లో అది చాలా ఇబ్బంది పెట్టింది. అయితే జంట ఇంజిన్లు కాబట్టి ఒకటి ఆగిపోయినా ఇంకో దానితో ఇంటికొస్తారు. ఒంటి ఇంజిన్ జే-10కి మాత్రం ఏళ్ల తరబడి రష్యా ఏఎల్-31నే కొన్నారు, తమది నిలదొక్కుకున్నాక మార్చారు. జే-20 కూడా మొదట రష్యన్ ఇంజిన్లతోనే ఎగిరింది. ఒక పక్క కొంటూనే ఇంకో పక్క సొంతదానికి డబ్బు ఆపలేదు. సిగ్గుపడలేదు కూడా.

మనం ఈ లెక్కని తలకిందులు చేశాం. జీవితంలో మొదటి ఇంజిన్‌ని, మొదటి విమానంలో, అదీ ఒంటి ఇంజిన్ విమానంలో పెట్టాలనుకున్నాం. ఇప్పుడు కావేరీని ఆఫ్టర్‌బర్నర్ లేకుండా పైలట్ లేని విమానం కోసం మలుస్తున్నారు, ఇది సరైన మెట్టు. గంటలు అక్కడ పోగవ్వాలి.

దానికంటే ముందు ఒక విసుగు పుట్టించే వస్తువు కావాలి, దాని మీద ఎవరూ పోస్టులు పెట్టరు: ఎగిరే టెస్ట్ బెడ్. నాలుగు ఇంజిన్ల పెద్ద విమానంలో ఒక ఇంజిన్ తీసేసి కొత్తదాన్ని తగిలించి ఎగరేస్తారు. మనకి లేదు. 2010 నవంబర్‌లో కావేరీని ఎగరేయడానికి మాస్కో దగ్గరి గ్రోమోవ్ సంస్థకి తీసుకెళ్లి పెద్ద రవాణా విమానం ఐఎల్-76కి తగిలించారు. ఇంజిన్ పెట్టెలో పెట్టి పంపాలి, వాళ్లకి వీలున్న తేదీ రావాలి, ఏదైనా పగిలితే తిరిగి తెచ్చి బాగుచేసి మళ్లీ పంపాలి. మన దగ్గరే ఉంటే వారంలో తేలే విషయం నెలలు పడుతుంది. స్వదేశీ ఇంజిన్ ఫైలులో టెస్ట్ బెడ్‌కి డబ్బు కేటాయించని పేజీ కనిపిస్తే, ఆ ఫైలులో మిగతా తేదీలన్నీ ఊహలే అనుకోండి.

మనం చేయబోతున్న కొత్త తరం ఫైటర్ ఏఎంసీఏ విషయంలో ఈసారి వరస కుదిరినట్టుంది. 2024 మార్చిలో 15,000 కోట్లతో అనుమతి వచ్చింది, నమూనాలు ఎఫ్414తో ఎగురుతాయి, తర్వాతి రకానికి 120 కిలోన్యూటన్ల తరగతి ఇంజిన్‌ని ఫ్రాన్స్ సఫ్రాన్‌తో కలిసి చేస్తామని 2025 ఆగస్టులో రక్షణమంత్రి చెప్పారు. విమానం ఆగదు, ఇంజిన్ తన టైమ్ తాను తీసుకుంటుంది. అదే సఫ్రాన్ 2025 నవంబర్‌లో హైదరాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన ప్రయాణికుల విమానాల లీప్ ఇంజిన్ల ఓవర్‌హాల్ కేంద్రం తెరిచింది, రఫాల్ ఎం88లకి కూడా షాపు కోసం అదే రోజు శంకుస్థాపన జరిగింది. మన పిల్లలు అక్కడ ఎం88ని మొత్తం విప్పుతారా, మాడ్యూళ్లు మార్చి మూత పెడతారా అన్నది తెరిచాక చూడాలి, పైన రాసిన మూడో ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.

పాత విమానానికి కొత్త ఇంజినా?

ఇది వేరే ఫైలు, కానీ తరచూ వస్తుంది కాబట్టి చెప్పేస్తున్నా. మన పాత దాడి విమానాలు జాగ్వార్లకి ఉన్న ఆడోర్ ఇంజిన్ శక్తి చాలట్లేదని వాయుసేన ఎప్పటినుంచో అంటోంది. హనీవెల్ ఎఫ్125ఐఎన్ పెడదాం అనుకున్నారు. ఏళ్లు గడిచాయి, ధర పెరిగింది, విమానాల వయసూ పెరిగింది, చివరికి 2019లో వదిలేశారు. మిగిలిన గంటలకి ఆ ధర గిట్టదు. లెక్క మళ్లీ అదే, విమానంలో ఇంకా ఎన్ని గంటలున్నాయో చూసి దాంతో ఇంజిన్ ఖర్చుని భాగించడం, ఆ లెక్క మొదటి ఏడాదే వేస్తే ఔననో కాదనో వెంటనే తేలేది, పదేళ్లు నానబెడితే జవాబు దానంతట అదే కాదు అయిపోతుంది. పాత ఇంజిన్లే ఉన్నాయి, విడిభాగాలకి ఫ్రాన్స్ పక్కన పెట్టేసిన జాగ్వార్లని ముప్పైకి పైగా అడిగి తెచ్చుకున్నాం. ఊళ్లో పాత మోటారు కోసం ఇనప సామాన్ల కొట్టు వెతికినట్టు.